చేతికి తెలిసిన లెక్క

వేసవి వచ్చిందంటే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. పొద్దున్నే ఆకు కోసుకొచ్చి, నీడలో కూర్చుని కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. చేయి తిరిగినవాళ్లు పెళ్లి కబుర్లు చెప్పుకుంటూనే ఆకు మీద ఆకు పేర్చేస్తారు. కొత్తగా కూర్చున్న పిల్లకు మాత్రం ప్రతి ఆకూ ఓ పరీక్షే. ఆ తేడా చేతుల్లో కాదు, మెదడు లోతుల్లో ఉంది.

కొత్త పని నేర్చుకునేటప్పుడు మెదడు ముందుభాగం ప్రతి కదలికనూ కాపలా కాస్తుంది. సరిగ్గా కుదిరినప్పుడు డోపమైన్ అనే రసాయనం 'ఇదే, ఇలాగే' అన్నట్టు సంకేతమిస్తుంది. చేయగా చేయగా ఆ పని లోపల ఉండే బేసల్ గాంగ్లియాకు, ముఖ్యంగా అందులోని స్ట్రయేటమ్‌కు అలవాటవుతుంది. విడివిడి కదలికలన్నీ ఒకే మూటగా మారతాయి. మొదలుపెడితే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుంది. సైకిలు తొక్కడమైనా, ముగ్గు వేయడమైనా అంతే. చిన్నమెదడు సాయం కూడా ఉంటుందనుకోండి.

విచిత్రమేమిటంటే, ఈ నేర్పు మామూలు జ్ఞాపకం లేకున్నా అబ్బుతుంది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛ తగ్గించడానికి 1953లో ఆపరేషన్ చేసి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌ను చాలావరకు తీసేశారు. ఇక కొత్త సంగతి ఏదీ గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. మూడు రోజుల్లో చేయి తిరిగింది. అంతకుముందు గీసినట్టు మాత్రం ఆయనకు తెలియదు!

పార్కిన్సన్స్ జబ్బులో కథ తలకిందులు. డోపమైన్ తయారుచేసే కణాలు నశించి స్ట్రయేటమ్‌కు సరఫరా తగ్గిపోతుంది. మనుషులు, మాటలు గుర్తుంటాయి. గుండీ పెట్టుకోవడం, గడప దాటడం లాంటి ఆలోచించకుండా చేసే పనులే మొరాయిస్తాయి. నేలమీద అడ్డగీతలు గీసినా, తాళం వినిపించినా చాలామందికి మళ్లీ అడుగు పడుతుంది.

ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మందు మెదడులో డోపమైన్‌గా మారుతుంది. అదే పదార్థం దూలగొండి గింజల్లో ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే రసాయన శాస్త్రవేత్తలు చూపించారు. అవును, నూగు తగిలితే ఒళ్లంతా దురద పెట్టే ఆ దూలగొండే! అలాగని గింజలు పొడిచేసి మింగకూడదు. ఒక గింజలో ఉన్నంత మరో గింజలో ఉండదు. మోతాదు మించితే వాంతులు, భ్రమలు కలగొచ్చు. వాడుతున్న మాత్రలు చెప్పకుండా మానేయడం మరీ ప్రమాదం.

చేతిరాత చిన్నదైపోవడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం తొలి గుర్తుల్లో ఉంటాయి. అవి కనిపిస్తే న్యూరాలజిస్టుకు చూపించాలి.