‘పంది మీద పడ్డది’ అంటే షికారీలు ఎందుకు నమ్మరు?

బాన్సువాడ: "మక్క చేను కాడ పంది మీదికి వచ్చింది భాయ్, లేగదూడంత ఉంది!" కంకి పాలు పోసుకునే రోజుల్లో మన చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి మాట తరచూ వినపడుతుంది. చాయ్ హోటల్లో ఈ ముచ్చట రాగానే పాత షికారీ ఖాందాన్‌ల పెద్దలు చిన్నగా నవ్వుతారు. "ఎంత దూరం నుంచి చూసినవ్ బేటా? టైమెంత?" అని అడుగుతారు. రెండో ప్రశ్నకే కథ సగం తగ్గిపోతుంది.

మరి వాళ్ల అనుమానం నిజమేనా? ఇది కాలక్షేపం ముచ్చట అనుకోవద్దు. చెప్పినదంతా నమ్మితే భయంతో చేను చుట్టూ కరెంటు తీగ పడుతుంది. ఏదీ నమ్మకపోతే నిజంగా దెబ్బ తిన్న మనిషికి పరిహారం రాదు.

షికారీల లెక్క ఇది

అడవి పందికి చూపు తక్కువ, ముక్కు చాలా చురుకు. మనిషి వాసన ముందే పసిగట్టి పక్కకు తప్పుకుంటుంది. ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది. ఆడ పందులు, పిల్లలు మందగా ఉంటాయి. పెద్ద మగ పంది ఒంటరిగా తిరుగుతుంది. అందుకే "ఊరికే వెంటపడి తరిమింది" అంటే షికారీ నమ్మడు. చాలాసార్లు అది మనిషి మీదికి ఉరకదు. పారిపోయే దారిలో మనిషి అడ్డం ఉంటాడు, అంతే.

సైజు సంగతీ అలాంటిదే. బాగా ఎదిగిన మగది వంద కిలోలు దాటొచ్చు. కానీ మెడ మీద, వీపు మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు, టార్చి వెలుగు, గుండె దడ కలిస్తే అదే రెండింతలు కనిపిస్తుంది. ఊళ్లో వదిలేసిన పెంపుడు పందుల్ని చూసి అడవి పంది అనుకునేవాళ్లూ ఉన్నారు. ముళ్లపంది కొరికిన పంటను కూడా దీని ఖాతాలోనే రాసేస్తారు.

అనుమానం తప్పే చోటు

మూడు సందర్భాల్లో మాత్రం అది నిజంగానే మీద పడుతుంది. గాయపడినప్పుడు, పారిపోయే దారి మూసుకుపోయినప్పుడు, పక్కన పిల్లలు ఉన్నప్పుడు. చెరకు నరికేటప్పుడు జరిగేది ఇదే. నలువైపుల నుంచి కోసుకుంటూ వస్తే లోపల దాక్కున్న మంద చివరి నాలుగు సాళ్లలో ఇరుక్కుంటుంది. కూలికి పోయిన ఆడవాళ్లకు పట్టపగలే దెబ్బలు తగిలే ప్రమాదం ఇక్కడే ఉంది. "పగటిపూట పంది ఎక్కడ వస్తది?" అనే షికారీ మాట ఇక్కడ పనిచేయదు.

కింది కోరలు పై కోరలతో రాసుకుని ఎప్పుడూ పదునుగా ఉంటాయి. తల కిందికి వంచి పైకి ఎగరేస్తుంది కాబట్టి గాయాలు ఎక్కువగా మోకాలి దగ్గర, తొడ మీద పడతాయి. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

నేలను అడగండి

నిజమేదో తేల్చడానికి షికారీలు మనిషి మాట కంటే నేలను ఎక్కువ నమ్ముతారు. ముట్టెతో దున్నినట్టు తవ్విన మట్టి, బురదలో పొర్లిన గుంట, చెట్టుకు ఒళ్లు రుద్దిన మట్టి మరక, మెత్తటి నేలలో రెండు గిట్టల వెనక చిన్నగా పడే రెండు చుక్కలు పంది గుర్తులు. ముళ్లు రాలి ఉంటే అది ముళ్లపంది. ఇవన్నీ ఒక్క వానకే చెరిగిపోతాయి. అందుకే పొద్దున్నే ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోవాలి. కొలత తెలియడానికి పక్కన ఒక చెప్పు పెడితే చాలు.

పేరు చెప్పడానికే ఇబ్బంది

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. దాని పేరెత్తితే నలభై రోజులు నాలుక నాపాక్ అని చిన్నప్పుడు చాలామంది విన్నాం. ఇప్పటికీ "వో జాన్వర్" అనే అంటారు. అది ఒంటికి తగిలిందంటే చెప్పుకోవడానికి సిగ్గు. బట్టలు ఉతికేసి, గాయానికి పసుపు పెట్టి ఊరుకుంటారు. దాంతో చికిత్సా ఆలస్యమవుతుంది, రుజువూ పోతుంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం ఆగకపోతే ముందు గట్టిగా అదిమి పట్టాలి. టెటనస్ ఇంజెక్షన్, కరిస్తే రేబిస్ టీకా సంగతి డాక్టరు చూస్తారు. పాకీ గురించి సందేహం ఉంటే తర్వాత ఆలిమ్‌ను అడగొచ్చు.

చట్టం ఏమంటోంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పంది రక్షిత జంతువు. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్‌లో ఉంది. సెక్షన్ 11 ప్రకారం మనుషులకు, పంటకు ప్రమాదంగా మారితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే చంపొచ్చు. సెక్షన్ 62 కింద కేంద్రం దాన్ని హానికర జంతువుగా ప్రకటించొచ్చు. 2015 డిసెంబరులో బీహార్‌కు, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌కు కొన్ని జిల్లాల వరకు ఏడాది పాటు అలా ప్రకటించింది. కేరళ పదేపదే అడిగినా ఒప్పుకోలేదు.

కరెంటు తీగకు, నాటు బాంబుకు ఏ అనుమతీ లేదు. పంది కోసం పెట్టిన తీగకు మనుషులు బలైన వార్తలు మన రాష్ట్రంలో ఎన్నోసార్లు చదివాం. రాత్రి మోటారు వేయడానికి పోయిన పక్క చేను రైతు, ఒక్కోసారి తీగ పెట్టినవాడే చనిపోతున్నాడు. ఆ తర్వాత రెండు ఇళ్లు ఆగం. ఒకటి చావుతో, ఇంకొకటి కేసుతో.

ఏం చేయాలి?

మక్క చుట్టూ ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరుసలు వేయడం, సోలార్ ఫెన్సింగ్, వలలు, గట్ల మీద మంగలి షాపు వెంట్రుకలు చల్లడం వంటివి రైతులకు అందుబాటులో ఉన్న ఉపాయాలు. ఏ ఒక్కటీ ఎక్కువ రోజులు పనిచేయదు, పంది అలవాటు పడిపోతుంది. మార్చి మార్చి వాడాలి. చెరకు కోసేటప్పుడు ఒక వైపు ఖాళీగా వదిలి, అక్కడ ఎవరూ నిలబడకుండా చూడాలి.

పంట పోయినా, మనిషికి దెబ్బ తగిలినా అదే రోజు ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు రాసి ఇవ్వండి. ఫోటోలు, ఆస్పత్రి చీటీ జత చేయండి. పంచనామా కాకముందు చేను దున్నేయొద్దు.

షికారీ చాచాలకు కూడా ఒక మాట. మీ రెండు ప్రశ్నలూ మంచివే. నవ్వి వదిలేయకుండా పొద్దున్నే ఆ చేను కాడికి పోయి, గుర్తులు చూసి చెప్పండి. అవి చదవడం వచ్చినవాళ్లు ఊళ్లో ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.