వాద్యముతో వచ్చు శ్రోతలు

సంగీత సభకు పోవువారు సాధారణముగా వినుటకే పోవుదురు. వాద్యము విద్వాంసునిది, వినుట మనది. కాని శ్రోతలే తమ వాద్యములను చేతబట్టుకొని వచ్చు సభలును కలవు. అట్టి యొకదానిని గూర్చి తల్లిదండ్రులకు మనవి చేయదలచితిమి.

తంజావూరునకు సమీపమున, కావేరీ తీరమునందలి తిరువయ్యారులో త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిరి. ఏటేట పుష్య బహుళ పంచమినాడు అచ్చట ఆరాధన జరుగును. ఆనాటి యుదయమున పేరుపొందిన విద్వాంసులును, నేర్చుకొనుచున్నవారును వరుసలుగా కూర్చుండి, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని పంచరత్న కీర్తనలను కలసి పాడుదురు. వయొలిన్, వేణువు, వీణ, మృదంగము తెచ్చుకొన్నవారు తామును వాయింతురు.

అయితే వాద్యము తెచ్చినంతనే సరిపోదు. అందరిదియు ఒకే శ్రుతి. వయొలిన్ తంత్రులను బిగించియో, సడలించియో శ్రుతి కలుపవచ్చును. వేణువునకు ఆ వీలు లేదు గనుక తగిన వేణువునే తేవలెను. కీర్తనలోని స్వరసాహిత్యము స్వామివారు కూర్చినదే; అచ్చట స్వంత కల్పనలకు తావు లేదు. పాఠము రానివాని వాద్యము పదిమంది పాటను చెరచును.

మన పల్లెలలోని భజనయు ఇట్టిదే. ఇంటినుండి తాళములో, చిడతలో తెచ్చుకొని గోడ ప్రక్కన కూర్చున్నవాడు రెండవ చరణమునకే గుంపులో కలియును. ఇక అతనిని శ్రోత యనవలెనో, గాయకుడనవలెనో చెప్పుట కష్టము.

ఇచ్చట మాకొక విచారము కలుగుచున్నది. ఆ యైదు కీర్తనలలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. తమిళ, కన్నడ సోదరులు వానిని తమ లిపులలో వ్రాసికొని, అర్థమడిగి తెలిసికొని పాడుచున్నారు. పావగడ తాలూకాలో ఇంట తెలుగు మాటలాడు మన బిడ్డలలో కొందరికి ఆ సాహిత్యమును చదువుటయే రాదు. కన్నడము మన రాష్ట్రభాష. దానిని చక్కగా నేర్వవలసినదే. అందుకొరకు తెలుగక్షరమును విడువనక్కరలేదు. త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878లో మైసూరు సీమయందలి నంజనగూడున పుట్టినవారు. వారు కన్నడముతోపాటు, తెలుగు కావ్యమును పరిష్కరించి ప్రకటింపగలిగినంత తెలుగును నేర్చిరి.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము: భజనకు పోవునపుడు బిడ్డను వెంటబెట్టుకొని పొండు. చేతికి తాళములిండు. పోవుటకు ముందు, ఆనాడు పాడబోవు పాటను తెలుగు పుస్తకములో చూపి, ఒక్క చరణమైనను వానిచేత చదివింపుడు. తాళమిచ్చుట క్షణములో అగు పని. చదువు నేర్పుటకు మీరును, మేమును కలసి ఏండ్ల తరబడి పాటుపడవలెను.