ఓడ జాబితాలో ఊరి పేరు

ఇంగ్లండు పల్లెల్లో 1538 నాటి ఆజ్ఞతో చర్చి రిజిస్టర్లు మొదలయ్యాయి. బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు నమోదైన ఆ పుస్తకాలే వంశచరిత్రకు ఆధారం. మన పల్లెలకు అటువంటి పుస్తకం లేదు. ఒప్పందకూలీలుగా వలసపోయినవారికి మాత్రం ఓడ జాబితా ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి డర్బన్ చేరిన ‘ట్రూరో’తో మొదలైన నేటాల్ జాబితాల్లో వలససంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం కనిపిస్తాయి.

ఇంటిపేరు సాధారణంగా ఉండదు. కనుక వెదకవలసినది ఊరిని. గుమాస్తా తన చెవికి వినిపించినట్లు ఆంగ్లలిపిలో రాసిన పేరును తెలుగులో పలికి చూడాలి. ఆనాటి జిల్లాల సరిహద్దులూ తెలియాలి. శ్రీకాకుళం అప్పుడు చికాకోల్. 1936 వరకు అది గంజాం జిల్లాలోనిది.

వలస ఆగలేదు. బహ్రెయిన్‌లోని సల్మాబాద్ వర్క్‌షాపుల్లో పనిచేసే తెలుగువారు తమ ఇంటిపేరు, ఊరు, జిల్లా తెలుగులో రాసి ఉంచితే, మునిమనవలకు అదే రిజిస్టరు.