ఓఎస్ లేకుండా టచ్ స్క్రీన్: 128 కేబీ ర్యామ్ సరిపోతుందా?

ఫోన్ కొనేటప్పుడు 8 జీబీ ర్యామ్ చాలుతుందా, 12 జీబీ కావాలా అని గంటలు గంటలు వాదించుకుంటాం కదా! కానీ బటన్లు, స్లైడర్లు, గ్రాఫ్‌లు ఉన్న టచ్ స్క్రీన్‌ని 128 కేబీ ర్యామ్‌తో, అదీ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా నడపొచ్చు.

నేను వాడింది ఎస్‌టీఎం32ఎఫ్411 చిప్ ఉన్న ‘బ్లాక్ పిల్’ బోర్డు (100 మెగాహెర్ట్జ్), ఐఎల్ఐ9341 డిస్‌ప్లే (320×240). గ్రాఫిక్స్ కోసం సీ భాషలో రాసిన ఎల్‌వీజీఎల్ లైబ్రరీ. ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్.

మొదటి చిక్కు: మెమరీ

ఒక్కో పిక్సెల్‌కి 2 బైట్లు. 320×240×2 అంటే 150 కేబీ. చిప్‌లో ఉన్నదే 128! మరెలా? స్క్రీన్‌ని ముక్కలు చేస్తాం. 24 లైన్ల ముక్కకి 15 కేబీ చాలు. అది గీసి, పంపి, అదే బఫర్‌లో తర్వాతి ముక్క గీస్తాం. పంపిన బొమ్మని డిస్‌ప్లే తన సొంత మెమరీలో దాచుకుంటుంది కాబట్టి పాత ముక్క చెరిగిపోదు.

పైగా ఎల్‌వీజీఎల్ మారిన భాగాన్నే మళ్లీ గీస్తుంది. ఎస్‌పీఐ 25 మెగాహెర్ట్జ్‌లో ఉంటే మొత్తం స్క్రీన్ పంపడానికి సుమారు 49 మిల్లీసెకన్లు పడుతుంది. 100×40 బటన్ ఒక్కటే అయితే 3 కూడా పట్టదు.

రెండో చిక్కు: టైమ్

ఓఎస్ ఉంటే ఏ పనికి ఎంత టైమ్ ఇవ్వాలో అదే చూసుకుంటుంది. ఇక్కడ ఆ బాధ్యత మనదే. టైమర్ ఇంటరప్ట్ ప్రతి మిల్లీసెకనుకీ లైబ్రరీకి టైమ్ చెప్పాలి. మెయిన్ లూప్ దాదాపు 5 మిల్లీసెకన్లకోసారి ఎల్‌వీజీఎల్ హ్యాండ్లర్‌ని పిలవాలి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్‌కి 12 బిట్ రీడింగ్ ఇవ్వడానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. లూప్‌లో డిలే పెట్టి ఆగాను. అంతే, టచ్ చేస్తే స్పందన లేదు! టచ్ ప్యానెల్ పోయిందనుకుని రెండు రోజులు వైర్లు మార్చుతూ కూర్చున్నా. తప్పు వైర్లలో లేదు, ఆ ఒక్క డిలే లైన్‌లో ఉంది. ఇప్పుడు సెన్సర్‌కి కమాండ్ ఇచ్చి, టైమ్ గుర్తుపెట్టుకుని లూప్‌ని వదిలేస్తా. 750 మిల్లీసెకన్లు దాటాకే రీడింగ్ తీసుకుంటా.

ఇంకో జాగ్రత్త: ఇంటరప్ట్‌లోంచి నేరుగా లేబుల్ మార్చొద్దు. ఫ్లాగ్ సెట్ చేసి, ఆ మార్పు మెయిన్ లూప్‌లో చేయండి. లేదంటే లైబ్రరీ సగం గీస్తుండగా డేటా మారిపోయి క్రాష్ అవ్వొచ్చు.

వైఫై, ఆడియో లాంటివి కూడా కలిస్తే ఫ్రీఆర్‌టాస్ వైపు వెళ్లడం మేలు. ఒక స్క్రీన్, రెండు సెన్సర్లకైతే ఎక్కడా ఆగని ఒక్క లూప్ చాలు.