నల్లబడిన సాకెట్‌తో చెలగాటం వద్దు

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో పారింది. అంత వరద రాకపోయినా వానాకాలం వస్తే డెల్టాలో ఇంటి గోడలు చెమ్మెక్కుతూనే ఉంటాయి. ఆ చెమ్మకు సాకెట్ లోపలి ఇత్తడి రేకులు కిలుం పడతాయి. పట్టు వదులై, వేడెక్కి, నల్లబడతాయి. కాలిన వాసన వస్తే ఆ సాకెట్ ఇక వాడరాదు.

మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు. పాత ఇళ్లలో కొందరు పనివాళ్లు స్విచ్చిని న్యూట్రల్ తీగకు కలిపి పోయారు. అలాంటిచోట స్విచ్చి ఆపినా సాకెట్‌లో 230 వోల్టులూ ఉంటాయి! మెయిన్ ఆపాలి. కరెంటున్నచోట ముందే పరీక్షించుకున్న టెస్టరుతో మళ్లీ చూడాలి.

ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్తుది, కుడిది ఫేజు, ఎడమది న్యూట్రల్. ఆకుపచ్చ తీగ ఎర్తుకే. పాత వైరింగులో రంగులను నమ్మరాదు, ఏ తీగ ఎక్కడుందో విప్పకముందే రాసుకోవాలి. మరలు గట్టిగా బిగించాలి. తీగ గోడలోపలి దాకా మాడి ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మేలు.

గీజరుకు 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, దానికి తగిన లావు తీగ కూడా. సన్నతీగకు పెద్ద సాకెట్ తగిలిస్తే మంట గోడలో రగులుతుంది.

ఎర్తు లేని మూడు పిన్నుల ప్లగ్గు అలంకారమే. వేసవిలో ఎర్తు గుంటలో రెండు బిందెల నీళ్లు పోయండి.