తాబేలును పెంచుకోవచ్చునా?

అనంతపురం యెండలకు తట్టుకునే పెంపుడు జంతువు ఏదంటే, చాలామంది తాబేలు పేరే చెబుతారు. అరవదు, పాలు అడగదు, గేటు దూకి పారిపోదు. మా పక్కింటావిడ లెక్కా అదే.

"అన్నా, ఇంట్లో తాబేలుంటే లక్ష్మి నిలుస్తాదంట గదా! పిల్లోళ్లు గూడా సరదా పడతాండారు. గట్టిదాన్ని చూసి చెప్పు" అన్నది.

గట్టిదానికి కొదవేమిటి? మన బీళ్లలోనే వున్నది, నక్షత్ర తాబేలు. నల్లని డిప్పమీద పసుపుపచ్చని గీతలు నక్షత్రాల్లాగా విచ్చుకొని వుంటాయి. యెండుగడ్డిలో కదలకుండా వుంటే పక్కనుంచి నడిచిపోయినా కంటబడదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ కరువు సీమలో అది బతకడం నేర్చింది. వేసవిలో పొద్దునా సాయంత్రమూ తిరిగి, మధ్యాహ్నం పొదల నీడన ముడుచుకుంటుంది. వానలు పడగానే కడుపారా మేసి, జతకడుతుంది. గుడ్లు పెట్టే ఆడది గట్టి నేలను తన మూత్రంతోనే నానబెట్టి, వెనక కాళ్లతో గుంట తవ్వుతుంది.

ఇంత మొండి ప్రాణీ మన వసారాలోకి వచ్చేసరికి నీరసించిపోతుంది. మనం ప్రేమగా అన్నమూ రొట్టే పెడతాం. గడ్డీ, ఆకులూ, పూలూ అరిగించుకునే కడుపు దానిది. యెండ తగలక, మేతలో సున్నం చాలక డిప్ప మెత్తబడుతుంది. డిప్ప అంటే పైన తొడిగిన చొక్కా కాదు సుమండీ! వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయిన ఒంటి భాగం. తడి గచ్చుమీద వుంచితే వూపిరితిత్తులకు జబ్బు చేసి ముక్కున బుడగలు వస్తాయి. మూలిగే ప్రాణి కాదు గనుక, మేత మానేసేదాకా మనకు తెలియదు. "ఏమీ పెట్టకపోయినా బతుకుతోందే" అని మనం మురుస్తున్న ఆ నెలల్లో అది మెల్లగా చస్తూ వుంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, నక్షత్ర తాబేలును మొదటి షెడ్యూలులో చేర్చింది. పట్టినా, కొన్నా, ఇంట్లో వుంచుకున్నా నేరమే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2019లో ప్రపంచ దేశాలు కూడా దీని వ్యాపారాన్ని నిషేధించాయి. ఇంత కట్టుదిట్టం యెందుకంటారా? మనదేశంలో ఒకేఒక సేకరణ కేంద్రానికి ఏడాదిలో కనీసం 55,000 తాబేళ్లు చేరాయని 2015లో ఒక పరిశోధన తేల్చింది. కొనే ఇల్లు వుండబట్టే ఏరేవాడి సంచి నిండుతోంది.

"పోనీ, అంగట్లో అమ్మే బుల్లి పచ్చ తాబేలో?" అంటారు కొందరు. చెంపమీద యెర్రచార వుండే అది అమెరికా నీటి తాబేలు. అరచేతిలో ఇమిడేటప్పుడు తెస్తాం. పళ్లెమంత అవుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. విసుగెత్తి చెరువులో వదిలితే మన తాబేళ్ల మేతా చోటూ లాక్కుంటుంది.

ఇక లక్ష్మి మాట. కూర్మావతారం మందరగిరిని మోసినప్పుడే లక్ష్మి పుట్టిందన్నది నిజమే. కాని ఆ మోత పాలసముద్రంలో జరిగింది గాని, మన పెరటి తొట్టిలో కాదు గదా!

అంచేత నేను చెప్పేది ఇంతే. ఇప్పటికే ఇంట్లో నక్షత్ర తాబేలు వుంటే మీరే తీసుకుపోయి బీట్లో వదలకండి; దాని జబ్బు అక్కడివాటికి అంటుకోవచ్చు. అటవీశాఖవారికి అప్పగించండి. వానాకాలంలో రోడ్డుమీద కనబడితే, అది పోతున్న వైపుకే దాటించి వదిలేయండి. పొలంగట్టుమీద కంపకు నిప్పు పెట్టేముందు ఒకసారి కర్రతో కదిపి చూడండి. పిల్లలకు చూపించాలంటే తొలకరి పడ్డాక ఒక ఉదయం బీడు పక్కకు తీసుకుపోయి, చప్పుడు చేయకుండా కూర్చోబెట్టండి. అది మేసే తీరు చూడాలంటే అక్కడే చూడాలి.