రెండవమారు దరఖాస్తు



రెండేండ్ల క్రిందట, మార్చి నెలలో ఒక సోమవారము రాత్రి, మా చెల్లెలు నాకు ఫోను చేసి, "అన్నయ్యా, పిల్లవాడు తప్పినాడట" అని గద్గదస్వరముతో చెప్పెను. పిల్లవాడనగా దాని మనుమడు. మన రాష్ట్రముననే ఎం.బి.బి.ఎస్. ముగించి, అమెరికావారు పరదేశ వైద్యులకు పెట్టు పరీక్షలన్నింటను నెగ్గినవాడు. మరి తప్పినదేమి? విచారింపగా అతడు ఏ పరీక్షలోను తప్పలేదనియు, శస్త్రచికిత్సాశాఖలో శిక్షణకు స్థానము దొరకలేదనియు తెలిసినది. ఈ రెంటికిని గల భేదము, నలువది యేండ్లు వైద్యము చేసిన నాకును నాటివరకు తెలియదు. మీ యూళ్లలోను ఇట్టి పిల్లలు కలరు గనుక, నేను తెలిసికొన్నంత మేరకు మనవి చేసెదను.

అమెరికాలో వైద్యపట్టము చేతికి వచ్చినంత మాత్రమున స్వతంత్రముగ వైద్యము చేయ వీలుపడదు. పిమ్మట ఒక ఆసుపత్రిలో జీతముమీద పనిచేయుచు, ఒక శాఖలో శిక్షణ పొందవలెను. దీనినే రెసిడెన్సీ యందురు. సాధారణ వైద్యమునకు 3 ఏండ్లు, శస్త్రచికిత్సకు 5, మెదడు శస్త్రచికిత్సకు 7 ఏండ్లు పట్టును. మన దేశమున పై చదువునకు సీటు ర్యాంకునుబట్టి వచ్చును. అక్కడ అట్లు కాదు. విద్యార్థి సెప్టెంబరులో దరఖాస్తులు పంపును. ఆసుపత్రులవారు తమకు నచ్చినవారిని పిలిచి మాటలాడుదురు. అటుపిమ్మట విద్యార్థి ఆసుపత్రుల పేర్లను, ఆసుపత్రులవారు విద్యార్థుల పేర్లను, తమ తమ యిష్టము చొప్పున వరుసగా వ్రాసి పంపుదురు. ఈ జాబితాలను కంప్యూటరు జతపరచును. ఈ జతకూర్పునకు మ్యాచ్ అని పేరు.

ఇది యూరక పుట్టిన యేర్పాటు కాదు. 1940ల నాటికి ఆసుపత్రులు ఒకదానికంటె నొకటి ముందుగా విద్యార్థులను పట్టుకొనవలెనని, చదువు ముగియుటకు రెండేండ్లకు ముందే మాట తీసికొనుచుండెడివి. ఆ దురాచారమును కట్టుదిట్టము చేయగా, కబురంపి కొద్ది గంటలలో బదులు చెప్పుమని తొందరపెట్టసాగినవి. ఈ రచ్చ మాన్పుటకే 1952లో మ్యాచ్ మొదలైనది. 1962లో గేల్, షాప్లీ యను నిద్దరు ఇట్టి జతకూర్పును గూర్చి వ్యాసము వ్రాసి, అందు వివాహసంబంధములనే ఉదాహరణముగా గైకొనిరి. మన పెద్దలకు ఇందు వింత తోపదు! షాప్లీకిని, 1990లలో ఈ మ్యాచ్‌ను సవరించిన ఆల్విన్ రాత్‌కును 2012లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

పద్ధతి యెంత న్యాయమైనను, స్థానములు అడిగినవారందరికి చాలవు. 2024లో అమెరికా కళాశాలలలో ఎం.డి. చదువుచు కడపటి యేట నున్నవారిలో నూటికి 93 మందికి స్థానము దొరకగా, పరదేశమున చదివిన పరదేశీయులలో నూటికి 58 మందికే దొరకినది. శస్త్రచికిత్స వంటి శాఖలలో మనవారికి ఇంకను కష్టము. మావాడు ఆ శాఖకే దరఖాస్తులు పంపెను. మూడు చోట్లనుండి పిలుపు వచ్చెను. మూడు పేర్లే వ్రాసెను.

స్థానము దొరకినదా లేదా యనునది సోమవారము తెలియును. ఎక్కడ దొరకినదో శుక్రవారముగాని తెలియదు. ఈ నడుమ, దొరకనివారు మిగిలిపోయిన స్థానములకు మరల దరఖాస్తు పెట్టవచ్చును. ఆ నాలుగు దినములు ఇంటివారు చేయు తప్పొకటి కలదు. మా బావగారు తమకు తెలిసిన యొక పెద్ద డాక్టరుచేత ఆసుపత్రికి చెప్పించెదమని బయలుదేరిరి. అది నిషిద్ధము. ఆసుపత్రివారు తామై పిలువనిదే విద్యార్థిగాని, అతని తరపున మరియొకరుగాని వారిని కదిలింపరాదు. సిఫారసు ఆ పిల్లవానికే చేటు తెచ్చును. మావాడు వారింపబట్టి బ్రతికితిమి.

ఆ వారముననే అతనికి శస్త్రచికిత్సలో ఒక్క యేటి స్థానము దొరకెను. ఆ యేడాది గడచిన పిదప ఉంచుకొందుమని ఎవరును మాట యియ్యరు. అయినను అతడు చేరెను. ఇక మరల దరఖాస్తు. మొదటి కాగితములనే తేదీ మార్చి పంపిన ప్రయోజనము లేదు. ఒకమారు నెగ్గిన పరీక్షను మార్కులు పెంచుకొనుటకై మరల వ్రాయనియ్యరు. కావున మార్పదగినవి తక్కినవి: క్రొత్త గురువుల యోగ్యతాపత్రములు, చేసిన పని, దరఖాస్తు పెట్టు శాఖలు. జూలై 1వ తేదీన పనిలో చేరినవాడు సెప్టెంబరు చివరకు దరఖాస్తు పంపవలెను. అనగా తన్ను మూడు నెలలైన నెరుగని గురువులచేత మంచిమాట వ్రాయించుకొనవలెను. పని వారమునకు సగటున 80 గంటలకు మించరాదని నియమము. అందాక మాత్రము పోవును. వాడు మాకు ఉత్తరము వ్రాయలేదని ఆ దినములలో నేను కోపగించితిని. ఇప్పుడు సిగ్గుపడుచున్నాను.

శాఖ మార్చుటలో ద్రవ్యమునకు సంబంధించిన చిక్కొకటి కలదు. ఈ శిక్షణకు మెడికేర్ అను ప్రభుత్వనిధినుండి ఆసుపత్రులకు సొమ్ము వచ్చును. మొదట చేరిన శాఖకు ఎన్ని యేండ్లో అన్ని యేండ్లకే నేరుగా నిచ్చు సొమ్ము పూర్తిగా వచ్చును, మించినవానికి సగమే. అందుచే "ఏదో యొకదానిలో చేరుము, తరువాత మారవచ్చును" అని మనము తేలికగా చెప్పు మాట అంత తేలిక కాదు.

రెండవమారు అతనికి శస్త్రచికిత్సకు రెండు, సాధారణ వైద్యమునకు నాలుగు పిలుపులు వచ్చెను. జాబితా వ్రాయునపుడు నన్నడిగెను. "సాధారణ వైద్యమే ముందు వ్రాయుము. శస్త్రచికిత్సను ముందుంచి అది పోయినచో, నీ వంతు వచ్చులోపల రెండవది యితరుల పాలగును" అంటిని. వాడు నవ్వి, "తాతయ్యా, అట్లు కాదు. ఆసుపత్రి యెవరికిని చివరివరకు మాట యియ్యదు. నేను మొదటిచోట కాదనిపించుకొని ఆలస్యముగా వచ్చినను, వారి వరుసలో ముందున్నచో, అంతవరకు కూర్చున్నవానిని లేపి నన్ను కూర్చుండబెట్టుదురు. మనసులోని వరుసనే వ్రాయవలెను" అనెను. నేను కాగితముమీద నాలుగు పేర్లు వ్రాసి రాత్రి చాలసేపు లెక్క చూచుకొంటిని. వానిమాటయే నిజము.

ఆ మార్చిలో సోమవారమునాడు స్థానము దొరకినదని తెలిసెను. శుక్రవారము రాత్రి జాబితాలోని నాలుగవ పేరు వచ్చెను: సాధారణ వైద్యము. మా చెల్లెలు, "అయితే ఆపరేషన్లు చేయడా?" అని యడిగెను. "చేయడు. నీ షుగరు చూచును" అంటిని. అది కొంతసేపు మాటలాడలేదు. వాడును ఆ వారమంతయు ఎక్కువగా మాటలాడలేదు. జూలైలో పనిలో చేరెను. ఇప్పుడు రెండవ యేడు జరుగుచున్నది.